కంట్రోలర్ సార్ తువ్వాల

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున కంట్రోలర్ సార్ పోయారు. ఫోన్ చేసింది ఆయన భార్య, నేను పెద్దమ్మా అని పిలిచే మనిషి. "ఆరు ఇరవైకి పోయిండు బిడ్డా" అన్నది. ఎట్లా పోయారో, ఏమైందో తర్వాత చెప్పింది. బస్టాండు కంట్రోలర్‌తో ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషికి ముందు టైము చెప్పడమే అలవాటు.

వనపర్తిలో వాళ్లది మా పక్కిల్లు. సార్ రిటైరయ్యారు గాని బస్టాండు మైకులో మోగిన ఆయన గొంతు రిటైర్ కాలేదు. వరండాలో బల్ల మీద కూర్చుని, రెండుసార్లు దగ్గి, "చాయ్ వెంటనే వరండాలోకి రావలసిందిగా కోరడమైనది" అని ప్రకటించేవారు. "చాయ్ పది నిమిషాలు లేటు" అని పెద్దమ్మ వంటింట్లోంచి జవాబిచ్చేది.

పోయినేడు హైదరాబాద్ కంపెనీ నన్ను ఇంటికి పంపేసింది. గద్వాల నుంచి హైదరాబాద్‌కు బస్సు నడిపే ఒక ట్రావెల్స్ ఓనరుకు సీట్లు బుక్ చేసే వెబ్‌సైటు చేసిస్తానని ఒప్పుకున్నాను. గద్వాలలో ఒక కౌంటరు, కొత్తకోటలో ఒక కౌంటరు. ఈ ఒక్క బస్సు సరిగ్గా నడిస్తే మిగతా రూట్లన్నీ నాకే ఇస్తానన్నాడు. నడవకపోతే ఏం చేయాలో నాకు తెలియదు. మా నాయినకు మాత్రం తెలుసు, బళ్లో కంప్యూటర్ పాఠాలు చెప్పుకోవాలన్నాడు.

కంపెనీలో ఉన్న చివరి రోజుల్లో బిహేవియర్ డ్రివెన్ డెవలప్‌మెంట్ అనే పద్ధతి గురించి చదివాను. ప్రోగ్రాం రాయకముందే అది ఎట్లా నడుచుకోవాలో మామూలు మాటల్లో రాయాలి. ముందు ఏముంది, ఎవరేం చేశారు, అప్పుడేం కావాలి. ప్రోగ్రాం ఆ మాటలకు తగ్గట్టే నడుస్తోందా అని కంప్యూటర్ ఒక్కొక్కటే పరీక్షించి, తప్పితే ఎర్రగా, నెగ్గితే పచ్చగా చూపిస్తుంది. ఆ మాటలు చెప్పాల్సింది పని తెలిసినవాళ్లట. నాకు తెలిసిన బస్సు మనిషి ఒక్కరే. లాప్‌టాప్ పట్టుకొని వెళ్లి ఆయన బల్ల మీద కూర్చున్నాను.

"గింత పొడుగు పేరెందుకు? నడత అంటే అయిపాయె" అన్నారు సార్.

మొదటి వాక్యం రాసి నడిపిస్తే ఎర్రగా వచ్చింది. అట్లాగే వస్తుందని చదివినా నా మొహం మాడిపోయింది. సార్ మాత్రం తెగ సంతోషించారు. "ఇంకా బండే చేయలే, ఎట్ల నడుస్తది? ఉన్నదున్నట్టు చెప్తున్నది. మా డిపోల గిట్ల చెప్పేటోడు ఒక్కడు లేకుండె."

ఆ రోజునుంచి రోజూ ఒక కాగితం నింపుకొని వచ్చేవారు. "మీసాలొచ్చిన పిలగానికి అర టికెట్ అడిగిన్రు. అప్పుడేం గావాలె?" "మేకపిల్లను ఒళ్లె కూసోవెట్టుకుంటనన్నడు. అప్పుడేం గావాలె?" ఇవి వెబ్‌సైటుకు అక్కర్లేదంటే, "అయితే నీ వెబ్‌సైటు ఎన్నడు బస్సెక్కలేదన్నట్టు" అనేవారు.

తువ్వాల సంగతీ ఇట్లాగే కొట్టిపారేశాను.

"ఒకడు కిటికీలకెళ్లి సీటు మీద తువ్వాలేసిండు. ఇంకా టికెట్ తీస్కోలే. ఇంకొకడొచ్చి గదే సీటు అడిగిండు. అప్పుడేం గావాలె?"

"సార్, కంప్యూటర్‌లో తువ్వాల ఎవరేస్తరు?"

"మనిషున్నకాడ తువ్వాల ఉంటది బిడ్డా."

నేను నవ్వాను. ఆ వాక్యం రాయలేదు.

వెబ్‌సైటు మొదలుపెట్టిన రోజు గద్వాలలో ఒక చీరల వ్యాపారి ఏడో సీటు ఎంచుకొని తీరిగ్గా పేరు చెబుతుంటే, అదే నిమిషంలో కొత్తకోటలో ఒక టీచరమ్మ కూడా ఏడో సీటే ఎంచుకుంది. నా వెబ్‌సైటు ఇద్దరికీ టికెట్ ఇచ్చేసింది. బస్సు కొత్తకోట చేరాక ఆయన లేవనన్నాడు, ఆమె దిగనన్నది. ఓనరు ఫోన్ చేసి అన్న మాటలు ఇక్కడ రాయలేను. సార్‌ను స్కూటరెక్కించుకొని పరుగున పోయాను.

సార్ బస్సెక్కి, రెండుసార్లు దగ్గారు. బస్సంతా చప్పున నోరుమూసుకుంది. "సేటూ, ముందు తువ్వాలేసింది నువ్వు. సీటు నీది. అమ్మా, తప్పు నీది గాదు, గీ పిల్లది." అందరూ నావైపు తిరిగారు. ముందు సీట్లో మెడలో ప్రారంభోత్సవం దండతో ఓనరు కూర్చుని ఉన్నాడు. "జర లెవ్వు నాయినా" అన్నారు సార్. టీచరమ్మ ఆ సీట్లో కూర్చుంది. ఓనరు దండతో సహా డ్రైవర్ పక్కన ఇంజన్ మీద కూర్చుని హైదరాబాద్ దాకా పోయాడు. అక్కడ దిగి, ఫోన్ చేసి నాకు రెండు రోజులు గడువిచ్చాడు.

ఆ సాయంత్రం బల్ల మీద కూర్చుని సార్ చెప్పింది చెప్పినట్టు రాశాను. ఏడో సీటు మీద ఒకరి తువ్వాల ఉంది. ఇంకొకరు అదే సీటు అడిగారు. అప్పుడు, మనిషున్నాడని చెప్పాలి. ఎర్రగా వచ్చింది. కోడ్ రాశాను, మళ్లీ ఎరుపే. మూడోసారికి పచ్చబడింది.

"మరి తువ్వాలేసినోడు రాకపోతే?" అని ఈసారి నేనే అడిగాను.

"పది నిమిషాలు సూడాలె. తర్వాత తువ్వాల పారెయ్యొద్దు, మడిచి పక్కకు వెట్టాలె. నిలవడ్డోన్ని కూసోవెట్టాలె. రానోని కోసం ఉన్నోడు నిలవడొద్దు."

అదీ రాశాను. ఆ తర్వాత ఏ సీటు మీదా కొట్లాట రాలేదు, మిగతా రూట్లు నాకే వచ్చాయి, ఆ పని మీద మళ్లీ హైదరాబాద్ చేరాను. ఈ రోజు నేను తింటున్న అన్నం ఆయన చెప్పిన వాక్యాల మీదే నడుస్తోంది. ఈ మాట ఆయనకు ఒక్కసారైనా చెప్పి ఉండాల్సింది.

దశదినకర్మ నాడు పోయేసరికి వరండా నిండా జనం. బల్ల మాత్రం ఖాళీగా ఉంది. ఆయన కూర్చునే చోట ఆయన ఎర్రగళ్ల తువ్వాల పడి ఉంది. దాన్ని జరిపే ధైర్యం ఎవరికీ లేదు, ముసలివాళ్లు కూడా గోడకానుకొని నిలబడ్డారు. నేనూ నిలబడ్డాను.

పెద్దమ్మ చాయ్ పళ్లెంతో బయటికొచ్చి మమ్మల్నందరినీ చూసింది. బల్లను చూసింది. పళ్లెం కింద పెట్టింది.

"పది నిమిషాలు ఎప్పుడో దాటినయి బిడ్డా" అన్నది. తువ్వాల తీసి, మెల్లగా నాలుగు మడతలు పెట్టి, కిటికీలో ఉంచింది. నా చెయ్యి పట్టి బల్ల మీద కూర్చోబెట్టింది. నేను జరిగి ఆమెకు చోటిచ్చాను.