దీనమ్మ అడిగిన బరువు

దీనమ్మది మా పేటే. విమానాశ్రయం కంచె లోపల గడ్డి కోసే కూలి మనిషి. తల వంచుకుని పని చేసుకుపోతుంది, ఎవరితోనూ పెద్దగా మాట్లాడదు. ఒక్కగానొక్క కూతురు బేబీ రెండో తరగతిలో ఉండగా జ్వరంతో పోయింది. పేరు చెక్కించిన తన స్టీలు గ్లాసులో పోస్తే తప్ప ఆ పిల్ల పాలు తాగేది కాదు. అందుకని ఆ గ్లాసుని కూడా పెట్టెలో పక్కనే ఉంచి పూడ్చారు.

తర్వాత రన్‌వే పొడిగించారు. మా సమాధుల తోట అందులో పోయింది. ఒక్కో సమాధినీ తవ్వి కాలవ అవతలి కొత్త స్థలానికి మార్పిస్తానన్నాడు కాంట్రాక్టరు. ఆ పని జరిగినన్నాళ్ళూ మమ్మల్ని దగ్గరికి రానివ్వలేదు, చూస్తే తట్టుకోలేరన్నాడు. మేమూ తలూపాం, మా బుద్ధి అలా ఏడిచింది. చివరికి వెళ్ళి చూస్తే వరసగా సిమెంటు సిలువలు, వాటి మీద మా వాళ్ళ పేర్లు. ప్రతి ఈస్టరుకీ తెల్లవారకముందే దీనమ్మ వెళ్ళి, బేబీ సిలువకి సున్నం వేసి, కొవ్వొత్తి వెలిగించి, పిల్లతో కబుర్లు చెప్పి వచ్చేది. ఆమె నోరు విప్పేది అక్కడే.

మొన్న వేసవిలో ఇక్కడ పెద్ద విమానాలు దింపాలనుకున్నారు. ఆ బరువుకి రన్‌వే ఆగుతుందో లేదో తేల్చి రేటింగ్ ఇవ్వడానికి గణేష్‌బాబు అనే ఇంజినీరు వచ్చాడు. భీమవరంలో చదువుకున్న కుర్రాడు, నెమ్మదైన మనిషి. అతని బండి ఒక బరువైన దిమ్మను నేల మీదికి జారవిడుస్తుంది. నేల ఎంత కుంగిందో మిషను చెబుతుంది. అంతా బాగానే ఉంది కానీ, కొత్తగా పొడిగించిన చివర ఒక్క చోట మాత్రం ఉండాల్సిన దానికన్నా ఎక్కువ కుంగింది. కారణం తెలియాలని అక్కడ గొయ్యి తవ్వించాడు. తవ్విన కూలీల్లో నేనొకణ్ణి.

తారు, కంకర, గ్రావెల్ తీశాక నల్లమట్టిలో పుచ్చిపోయిన చెక్కలు వచ్చాయి. వాటి మధ్య ఒక స్టీలు గ్లాసు, అప్పడంలా అణిగిపోయి ఉంది. తుడిస్తే బేబీ పేరు కనిపించింది. అవతల గడ్డి కోస్తున్న దీనమ్మని నేనే పిలిచాను. ఇన్నేళ్ళూ ఆమె ఉత్త మట్టితో కబుర్లు చెప్పింది. ఆ కాంట్రాక్టరు గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

దీనమ్మ ఏడవలేదు. గ్లాసుని కొంగులో చుట్టుకుని ఇంజినీరు దగ్గరికి వెళ్ళింది.

"ఇన్నాళ్ళూ నా పిల్ల మీద ఎంత బరువు పడిందండి బాబూ?"

గణేష్‌బాబు, ఆమెకి ఊరటగా ఉంటుందనే కాబోలు, తనకి తెలిసిన ముక్కే చెప్పాడు.

"బరువంతా పైన రన్‌వేనే మోస్తుందమ్మా. కిందికి వెళ్ళేకొద్దీ తగ్గిపోతుంది. అంత లోతుకి చేరేసరికి పెద్దగా ఏమీ ఉండదు."

దీనమ్మ కొంగు విప్పి ఆ గ్లాసు అతని చేతిలో పెట్టింది.

"మరి దీన్నెవరు తొక్కారు బాబూ?"