తాతగారి కట్ల పెట్టె

మా ముత్తాతగారు వడ్డాది ప్రాంతానికి మునసబు. మా తాతగారు వీధిలోకి వస్తే అరుగుల మీదివాళ్లు లేచి నిలబడేవారు.

మొన్న చోడవరంలో ప్రథమ చికిత్స చరిత్ర చెప్పే చిన్న మ్యూజియంలో తాతగారి టేకు పెట్టె చూశాను. కాపలాదారు మూత ఎత్తగానే పాత టింక్చరు వాసన వచ్చింది.

బెల్లం వంట మొదలైన రోజున తాతగారు పనివాళ్లకు తలపాగాలు చుట్టించేవారు. ఒకసారి మా చెరకు గానుగ కర్ర తగిలి పనివాడు అప్పలస్వామి తల పగిలితే, ఆయనే ఈ పెట్టె తెరిచి, కూర్చుని తెల్లగుడ్డతో కట్టు కట్టారు. అది పెద్ద పాగా అనుకుని, నాకూ కావాలని ఏడ్చాను.

"ఈ పాగా కావాలంటే గానుగ కర్రకి తలకాయ ఒగ్గాల బాబూ!" అని అప్పలస్వామి నవ్వాడు.

తాతగారు నవ్వలేదు. నా తలకూ అంతే శ్రద్ధగా కట్టారు. చీకటి పడేదాకా అరుగు మీద నిటారుగా కూర్చున్నాను. మా ఇంటికి పరువంటూ ఉంటే అది ఆ పెట్టెలోనే ఉండేదని ఇప్పుడనిపిస్తుంది.

ఆ పెట్టె మా తాతగారిదని కాపలాదారుకి చెప్పాను. "మీ ఇంటిదా! మీరే ఇచ్చేరేటి సార్?" అన్నాడు.

నేను బయటికి వచ్చేశాను. నాన్నగారి హయాంలో గానుగను ఇనుప తూకానికి అమ్మినప్పుడు, ఆ పెట్టెను కొసరుగా ఇచ్చేశారు.