కిందికి దిగి లేవని స్టీరింగ్

పక్కింటి మగ్గాల యజమాని కారులో స్టీరింగ్ కిందికి దిగి, మీట నొక్కినా పైకి లేవడం లేదన్నది నిశ్చయం. కరోనా కాలంలో ఆయన మగ్గాల దూది దులిపే కంప్రెసర్‌తో కారంతా శానిటైజర్ కొట్టాడన్నదీ నిజమే. దానివల్ల స్టీరింగ్‌ను లేపే మోటారు కాలిపోయిందన్నది మాత్రం మా లింబాయత్ పేట వీధి మాట.

కోవిడ్ నుంచి కోలుకున్న భార్యను ఆ ఉదయం ఆసుపత్రి నుంచి తానే తెచ్చుకోవాలని ఆయన పట్టుదల. స్టీరింగ్ వెనుక ఆయన పొట్టకు చోటు లేదు.

"మోటరే మార్చాలె సారూ," అన్నాడాయన నాతో.

"కొలవకుండా నమ్మను," అని నా మీటరు తీశాను.

ఆయన చేత మీట నొక్కించి మోటారు రెండు తీగల మధ్య కొలిస్తే వోల్టేజీ దాదాపు లేదు. కరెంటు వచ్చే తీగ నుంచి కారు ఇనుముకు కొలిస్తే నిండుగా ఉంది. తప్పు మోటారుది కాదు, దాని రెండో తీగను కారు ఇనుముకు కలిపే, తుప్పు పట్టిన ఎర్త్ బోల్టుది.

అంతలో ఆసుపత్రి నుంచి ఆయన భార్య ఫోను చేసింది. "ఇంకెంతసేపయ్యా? కారు ఆగిందా, నీ పొట్ట ఆపిందా?"

"వస్తున్ననే, జర ఆగు!"

గరుకు కాగితంతో రుద్ది, రాలిన తుప్పును ఊదేసి బోల్టు బిగించగానే స్టీరింగ్ గుర్రుమంటూ పైకి లేచింది. ఆయన హారన్ మోగిస్తూనే వెళ్లాడు.

ఆ తుప్పుకు కారణం శానిటైజరా, వానాకాలపు తేమా అన్నది నేటికీ తేలలేదు. ఆమె ఎదురుచూస్తోందన్న సంతోషంలో, పరీక్షించవలసిన తుప్పునంతా మేమే ఊదేశాం.