మందార కంచెలో కంత

గత ఆదివారం జోహన్నెస్‌బర్గ్ నుంచి మా అమ్మాయి ఫోనులో కనబడుతూ మాట్లాడుతుండగా, వెనక రెండేళ్ల మనవరాలు కుర్చీ మీంచి వంటగట్టు ఎక్కి, అక్కడి నుంచి ఫ్రిజ్ మీదికి ఎగబాకబోయింది. నాతో ఎప్పుడూ ఇంగ్లీషే మాట్లాడే మా అమ్మాయి గభాలున వెనక్కి తిరిగి, "ఓసి కోతీ, దిగు! కాలిరిగిపోద్ది!" అని అరిచింది. ఆ మాట ఎవరి దగ్గర నేర్చిందో దానికి గుర్తులేదు. నాకు గుర్తుంది. ఫోను పెట్టేశాక ఈ ఖాళీ ఇంట్లో చాలాసేపు ఆ గొంతే వింటూ కూర్చున్నాను.

దక్షిణాఫ్రికాలో నల్లా తెల్లా తేడా లేకుండా అందరూ కలిసి ఓటేసిన మొదటి ఎన్నికల మరుసటి ఏడు, తణుకు దగ్గర చక్కెర మిల్లులో కెమిస్టుగా ఉన్న నేను డర్బన్ దగ్గరి టోంగాట్‌లో అదే పని దొరికి, భార్యనీ ఏడాదిన్నర పిల్లనీ వెంటబెట్టుకుని వచ్చాను. గాలిలో అదే బెల్లపు వాసన. మనుషులు మాత్రం కొత్త. నేను పొద్దున్నే మిల్లుకు పోతే చీకటి పడ్డాకే తిరిగి రావడం. నా భార్యకు ఇంగ్లీషు రాదు, పలకరించే తోడు లేదు, పైగా చేతిలో నిమిషం నిలవని పిల్ల. కిటికీ ఊచలు పట్టుకుని పైదాకా ఎక్కేది, బట్టల బుట్టలో దూరి మూత వేసుకునేది. ఇక్కడ కిటికీ తెరిస్తే చాలు కోతులు చొరబడతాయి. వాటిని చూసి పెద్దవాళ్లే అరుస్తుంటే, ఇది అరటిపండు సగం కొరికి మిగతా సగం వాటి ముందుకు చాచేది. ఈ సాహసాలన్నీ భోజనాల దగ్గర కథలుగా విని నవ్వినవాణ్ణే కాని, నేను కళ్లారా చూసింది ఒక్కటీ లేదు.

మా ఇంటికీ పక్కింటికీ నడుమ మందార కంచె, దాని మొదట్లో కుక్కపిల్ల పట్టేంత కంత ఉండేవి. పిల్ల అందులోంచి పాకుతూ పక్కింటి అవ్వ దగ్గరికి పోయేది. వెనకటికి తెలుగు జిల్లాల నుంచి చెరకు కొట్టే కూలీలుగా ఓడలో వచ్చినవాళ్ల మనవరాలు ఆవిడ. కొడుకుతో ఇంగ్లీషు, పనివాళ్లతో జూలూ, దేవుడి పటాల ముందు మాత్రం తాతలనాటి తెలుగు. మా పిల్ల కోసం ఆ తెలుగు ఆవిడ పెరట్లోకి కూడా వచ్చింది; పిల్ల ఏది ఎక్కబోయినా అవ్వ "ఓసి కోతీ, దిగు!" అని కేకేసేది. పిల్ల వెనకాలే నా భార్య వీధి గేటు చుట్టి వెళ్లేది. ఆ వంటింటి గంజితో, కబుర్లతో ఆమె మొహం తేటపడటం చూశాను గాని, కారణం అడగలేదు.

ఒక ఆదివారం డర్బన్ నుంచి మనవాళ్లు, ఇద్దరు డాక్టర్లు, కుటుంబాలతో భోజనానికి వచ్చారు. పిల్ల పప్పన్నం తోసేసి, అచ్చం అవ్వలా నడుం మీద చెయ్యి వేసి, జూలూ వాళ్ల విస్తుపాటు కలిపి, "హావ్! నాకొద్దు, అవతలికి పో!" అంది. అందరూ పకపక నవ్వారు. వారిలో ఒకాయన, "ఏమండీ, పిల్లకి కూలీల తెలుగు చెప్పిస్తున్నారా?" అన్నాడు. నేనూ నవ్వాను. కాని ఆ మాట లోపల ముల్లులా దిగబడిపోయింది.

ఆ రోజుల్లో దేశం ఏమవుతుందో అన్న బెదురుతో వీధికి వీధే గోడలు కట్టుకుంటోంది. ఆ బెదురు నాకు సాకుగా పనికొచ్చింది. దొంగల భయమని ఇంట్లో చెప్పి, మందారాలు కొట్టించి ఆరడుగుల ఇటుకగోడ లేపించాను. పునాది వేసే తాపీవాళ్లకు అవ్వ టీ తెచ్చిచ్చి, నావైపు తిరిగి, "బాబూ, కింద సిన్న కంత వుంచుతావా? పిల్ల వస్తాది," అంది.

"దొంగలవ్వా," అన్నాను, ఆవిడ మొహం చూడకుండా.

"అవును బాబూ. దొంగలు. జాగర్త మంచిదే," అంటూ ఖాళీ గ్లాసులు ఏరుకుని వెళ్లిపోయింది.

నా భార్య గేటు చుట్టి వెళ్లడం మానేసింది, అంతే. పిల్ల మాత్రం రోజూ గరిటెతో గోడను కొట్టుకుంటూ ఆ కొస నుంచి ఈ కొసకు తిరిగేదట.

ఒక శనివారం నా భార్య తలంటు పోసుకోవడానికి వెళుతూ పిల్లను నాకు అప్పగించింది. నేను చెత్త పారేసి వచ్చి, పెరటి గేటు గడియ మరిచి, పత్రికలో పడ్డాను. తలెత్తేసరికి పిల్ల లేదు. మా పెరళ్ల వెనకంతా చెరకు తోటలే, మనిషికి రెండింతల ఎత్తు. కోతకు ముందు ఆకు కాల్చడం ఇక్కడి పద్ధతి. ఆ పూట ఎక్కడో పొగ లేస్తోంది. తడిజుట్టుతో, చెప్పులైనా లేకుండా నా భార్య ఒక దారిన, నేనొక దారిన పిలుస్తూ పరుగెత్తాం. పిల్ల పేరు నేను అన్నిసార్లు పిలిచింది, నిజం చెప్పాలంటే, ఆ పావుగంటలోనే.

చివరికి అవ్వ వీధిలోకి వచ్చి, "షేషా, షేషా! బేగి రా బాబూ!" అంటూ చేతులూపింది. పిల్ల ఆవిడ వంటింట్లో పీట మీద కూర్చుని గంజి తాగుతోంది, బుగ్గల నిండా చెరకాకు గీతలు. గోడ పట్టుకుని చివరిదాకా నడిచి, గడియ వేయని గేటులోంచి తోటలో దూరి, చుట్టూ తిరిగి అవ్వ పెరట్లో తేలిందన్నమాట.

"గోడ పెట్టినావు గాని, పిల్లకి దోవ తెలుసు," అంది అవ్వ. "ఈ పక్కనించి అరిసినాను, అరిసినాను. మీకు ఇనపడలేదు."

ఇంటికి వచ్చి పిల్ల బుగ్గలకు కొబ్బరినూనె రాస్తూ నా భార్య, "ఈ గోడ ఎవరికోసం కట్టారో నాకు కట్టిన రోజే తెలుసు," అంది. మళ్లీ ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు.

వచ్చే వారం అడుగున రెండు ఇటుకలు తీయించాలనుకున్నాను. మిల్లులో చెరకు ఆడే క్రషింగు మొదలైంది, వారాలు నెలలయ్యాయి. ఈలోగా అవ్వ కొడుకు పని దగ్గరవుతుందని డర్బన్ పక్కనున్న ఫీనిక్స్‌కు మకాం మార్చి ఆవిడను తీసుకుపోయాడు. ఆ రోజు కూడా నేను మిల్లులోనే ఉన్నాను. క్షమించమని అడగవలసిన మాట అలాగే మిగిలిపోయింది.

తరువాత ఆదివారాలు పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని, మంచి తెలుగు అని నేననుకున్నది పుస్తకాలు పెట్టి నేర్పాను. అందులో ఒక్క ముక్కా నిలవలేదు. నిలిచింది అవ్వ తిట్టొక్కటే. నా భార్య ఆ గోడ పక్కనే ఇరవై ఏళ్లకు పైగా గడిపి, మనసు విప్పి మాట్లాడే మరో ఆడదాని తోడు లేకుండానే, నాలుగేళ్ల కిందట కన్నుమూసింది.

ఇప్పుడు గోడ మీద కరెంటు తీగ కూడా ఉంది. అవతల ఎవరుంటున్నారో పేరైనా తెలియదు. రోజూ సాయంత్రం పెరట్లో కుర్చీ వేసుకుంటే చూపు ఆ అడుగు వరస మీదికే పోతుంది. ఆ రెండు ఇటుకలు ఇవాళ తీయించడం నాకు పెద్ద పనేమీ కాదు. అటు నుంచి పిలిచేవాళ్లు లేరు, ఇటు నుంచి పాకేవాళ్లూ లేరు.