ఆమె కోసం బిగించిన హ్యాండిల్

కృష్ణానగర్‌లో ఒక అద్దెగది, ఒక పాత మోటార్‌సైకిల్, బయటికి చెప్పుకోలేని ఒక ప్రేమ. సినిమాల్లో చేరిన కుర్రాళ్లకి ఆ రోజుల్లో ఆస్తంటే ఇంతే. నాకు మూడూ ఉండేవి. నా పని క్లాప్ కొట్టడం (ఇంటికి రాసే ఉత్తరాల్లో మాత్రం దాన్ని డైరెక్షన్ అనేవాణ్ణి). ఆమె డబ్బింగ్ చెప్పేది. మధురానగర్ నుంచి ఫిల్మ్‌నగర్‌లోని డబ్బింగ్ థియేటర్ దాకా రోజూ పొద్దున్నే నా బండి మీదే వచ్చేది. మా ఇద్దరి మధ్యా ఆమె హ్యాండ్‌బ్యాగు దర్జాగా కూర్చునేది.

బ్రేకు వేసినప్పుడల్లా బండి ముందుభాగం టక్కుమనేది. ఆ చప్పుడుకి భయమేస్తోందని ఆమె ఒకరోజు అంది. అంతే, నాకు అన్నం సయించలేదు. యూసుఫ్‌గూడ మెకానిక్ ఉస్తాద్ హ్యాండిల్ ఊపి చూసి, దాని మెడలో గోళీలు తిరిగే కప్పులు అరిగిపోయాయని, రెండ్రోజులాగితే మారుస్తానని అన్నాడు. నేను ఆగితేనా! సోమవారం ఆమెకు నా మనసులో మాట చెప్పేయాలని ముహూర్తం పెట్టుకున్నాను మరి. కొత్త కప్పులు, గోళీలు, గ్రీజు పట్టుకుని బయలుదేరుతుంటే ఉస్తాద్ ఒక్కటే చెప్పాడు.

"బిగించినంక జర ఢీలా ఇడువన్నా. ముందు చక్రం లేపితే హ్యాండిల్ దానంతటదే పక్కకు ఒరగాలె."

ఆదివారమంతా గది ముందు చతికిలబడి, గోళీలు ఒక్కొక్కటే గ్రీజులో అంటించి, పైన నట్టు బిగించాను. చప్పుడు పోయింది. మళ్లీ వస్తుందేమోనని ఒంట్లో బలమంతా పెట్టి ఇంకో అరచుట్టు తిప్పాను. ఢీలాగా, వదులుగా ఉంచడమా? ఆమె కూర్చునే బండికా?

మర్నాడు జూబ్లీహిల్స్ ఎత్తు ఎక్కుతుంటే బండి తాగినవాడిలా తూలడం మొదలెట్టింది. హ్యాండిల్ కుడికి తిప్పితే కుడికే ఉండిపోయేది, వెనక్కి లాగితే ఎడమకి పోయేది. ఆమె మొట్టమొదటిసారి నా భుజం పట్టుకుంది. ఎన్నాళ్లుగానో కోరుకున్న చెయ్యి అది (నేనేమో రోడ్డు పక్క బండరాళ్లని చూస్తూ దేవుళ్లందరికీ మొక్కుకుంటున్నాను). బట్టీపట్టిన నాలుగు వాక్యాలూ గొంతులోనే ఉండిపోయాయి. థియేటర్ గేటు దగ్గర దిగి, కాసేపు నిలబడి, రేపటినుంచి ఆటోలో వస్తానండీ అని మెల్లిగా చెప్పి లోపలికి వెళ్లిపోయింది.

ఉస్తాద్ నవ్వుతూ నట్టు కాస్త వదులు చేశాడు. బండి హాయిగా నడిచింది. ఆమెను మళ్లీ రమ్మనడానికి మాత్రం నాకు మొహం చెల్లలేదు.

కొన్నాళ్లకి ఆ థియేటర్ మెట్ల మీదే ఆమె నా చేతిలో తన పెళ్లి శుభలేఖ పెట్టింది.

"ఆ రోజు మీరేదో చెబుతారనుకున్నానండీ. గేటు దాకా ఎదురుచూశాను."

హ్యాండిల్ బిగుసుకుపోయిందండీ అన్నాను. ఆమె పకపకా నవ్వింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. అవి నవ్వుకి వచ్చిన నీళ్లేనని ఇరవై ఆరేళ్ల ఆ వెర్రివాడు నమ్మేశాడు. వాణ్ణి తలుచుకుని ఇప్పుడు నవ్వుకుంటానే గానీ, ఆ కన్నీళ్ల సంగతి నేనింకా తేల్చుకోలేదు.