పిట్టకు పెట్టిన పాట

“దినం కాడ ఇంగ్లీషు పాట పెడ్తవా మరదలా? నలుగురు నవ్వుతరు!”

“నవ్వనియ్యుండ్రి బావా. కల్లు పెట్టిన్రు, బీడీ ముట్టిచ్చి పెట్టిన్రు, తలకాయ కూర పెట్టిన్రు. పిట్ట దిగిందా?”

“దిగుతది, జర ఆగు.”

“పొద్దటి సంది ఆగుతనే ఉన్న. మీ తమ్ముని పానమంత ఆ పాట మీదనే ఉంటుండె. పెట్టనియ్యుండ్రి!”

నాచారం చెరువు గట్టు మీద, మా ఆయన పోయిన పదకొండో రోజున, ఆయన అన్నతో నేను పడిన గొడవ ఇది. ఆ రోజుల్లో నా జుట్టు ఇంకా నల్లగానే ఉండేది, నోరు మాత్రం ఇప్పటికంటే పెద్దది. (తెలంగాణ ఇంకా రాలేదు.) పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ విస్తట్లో పెట్టి కాకి కోసం ఎదురుచూస్తాం. పిట్ట ముడితే మనిషి తృప్తిగా పోయినట్టు, ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయినట్టు. అది ముట్టేదాకా ఎవరూ ముద్ద ముట్టరు. ఎండ నెత్తికెక్కింది. ఉప్పల్ నుంచి వచ్చిన చుట్టాలు కాకిని వదిలేసి వంటగిన్నెల వైపు చూస్తున్నారు. నాకు మాత్రం ఆకలి లేదు. ఆయన నా ఇంట్లోంచి మనసులో ఏదైనా పెట్టుకుని పోయాడా అన్నదొక్కటే నాకు తెలియాలి.

ఆ పాట సంగతి చెప్పాలి. ఆయన నాచారంలో ఒక మందుల కంపెనీలో షిఫ్టు పని చేసేవాడు. ఒక సెలవు రోజున కేబుల్లో ఏవో దేశాల పాటల పోటీ వచ్చింది, దేశానికొక పాట. తళుకుబట్టలూ పొగలూ మంటలూ అన్నీ అయ్యాక ఒక బక్క మనిషి వచ్చి, కదలకుండా నిలబడి, పిల్లను పోగొట్టుకున్న పిల్లి అరిచినట్టు పాడింది. (ఇది నా మాట. ఇప్పటికీ మార్చుకోను.) అందరికంటే తక్కువ మార్కులు ఆమెకే వచ్చాయి. మా ఆయన సొంత బిడ్డ పరీక్ష తప్పినట్టు కూర్చున్నాడు.

“గిన్ని దేశాలల్ల ఆమెకు మంచిగ మార్కులేసినోడు ఒక్కడు లేడు సూడు,” అన్నాడు.

“మంచిగ పాడితే ఎయ్యరా? ఆమె నీకేమైతది, మేనమామ బిడ్డనా?”

“ఏం గాదు. గందుకే ఇంక బాధైతున్నది.”

తర్వాత మళ్ళీ ఆ పోటీ చూపిస్తే, టీవీ ముందు టేప్ రికార్డరు పట్టుకుని ఆ పాట ఎక్కించుకున్నాడు. (భక్తిపాటల క్యాసెట్టు మీద ఎక్కించాడని ఆయనతో ఆ రోజంతా మాట్లాడలేదు.) అప్పటి నుంచి షిఫ్టు దిగి రావడం, కాళ్ళు కడుక్కోవడం, ఆ పాట పెట్టడం. మాటలు రావు కనుక ముక్కుతో పాడేవాడు. కాలనీ మొత్తంలో ఆ పాట నచ్చినవాడు ఆయనొక్కడే. ఒక పొద్దున డ్యూటీకని చెప్పులు వేసుకుంటూ గుండె పట్టుకుని కూలబడ్డాడు. దవాఖానా దాకా కూడా ఉండలేదు.

చివరికి బావ ఓడి తలూపాడు. విస్తరి పక్కన టేప్ రికార్డరు పెట్టాను. ఆ బక్కామె గొంతెత్తింది. అందరూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. నిజంగానే తుమ్మచెట్టు మీద నుంచి ఒక కాకి దిగింది. మెడ వంచి చూసింది. ఒక గెంతు వేసింది, ఇంకో గెంతు. నేను ఊపిరి బిగబట్టాను. సరిగ్గా అప్పుడే టేపులోంచి నా గొంతు గర్జించింది: “అర్రల ఎవలు లేకున్న ఫ్యాను గిర్రగిర్ర తిరుగుతనే ఉన్నది! బిల్లు మీ అయ్య కడ్తడా? బంద్ చెయ్!” (ఆయన రికార్డు చేస్తున్నాడని అప్పుడు నాకేం తెలుసు? తర్వాత రోజూ వినీ వినీ ఆ అరుపు అందులో ఉందన్నదే మరిచిపోయాను. నేను తిట్టిన ఆ అయ్య బావకూ అయ్యేనన్నది ఆ గట్టు మీద గుర్తొచ్చింది.)

కాకి లేచిపోయింది. ఎవరో కిసుక్కున నవ్వారు. చూస్తే బావే, తువ్వాలు నోట్లో కుక్కుకుని, భుజాలు ఊగిపోతూ. ఆ నవ్వు ఎక్కడ ఏడుపైందో ఆయనకూ తెలిసినట్టు లేదు. నా సంగతీ అంతే.

పిట్ట మళ్ళీ రాలేదు. పెద్దలు ఆవుకు ముద్ద పెట్టించి, అయిందనిపించి, అందరికీ వడ్డించారు. నేను తినలేదు. బావ అది చూశాడు.

మర్నాడు పొద్దున నేను గట్టుకు వెళ్ళేసరికి బావ అప్పటికే అక్కడున్నాడు. విస్తరి ఖాళీ. చుట్టూ తడిమట్టిలో కుక్క అడుగులు. వాటిని చెప్పుకాలితో చెరుపుతున్నవాడు నన్ను చూసి ఆగాడు.

“తెల్లారంగనే పిట్ట ముట్టింది మరదలా. నా కండ్లతోని సూసిన.”

“గట్లనా బావా,” అన్నాను. ఇంటికొచ్చి అన్నం తిన్నాను.