కాలికి ఇష్టం లేని అవ్వ

చెయ్యి విరిగి నేను భద్రాచలం దవాఖానాలో ఉన్నప్పుడు, పక్క మంచం మీద దుమ్ముగూడెం వైపు అవ్వ ఒకామె ఉండేది. ఇప్పపువ్వు ఏరడానికి వెళ్లి, జారిపడి తొడ ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ చేసి లోపల రాడ్ వేశారు. ఇప్పుడు నడవకపోతే ఇక మంచమే గతి అని డాక్టరు ఎంత భయపెట్టినా ఆమె దిగలేదు. ఫిజియోథెరపీ సారు వాకర్ తెచ్చి బతిమాలినప్పుడల్లా ఒకటే మాట.

“నాకు ఇష్టమే సారూ. కాలికే ఇష్టం లేదు.”

ఎంత మర్యాదగా అనేదంటే, ఆయన ఆ కాలి వైపు కాసేపు చూసి, “సరే, రేపు అడుగుదాం” అని వెళ్లిపోయేవాడు.

ఒక మధ్యాహ్నం ఆమె కూతురు గారెల డబ్బా తెచ్చి, మంచం పక్కన పెట్టి నీళ్లకు వెళ్లింది. అంతలో కిటికీలోంచి కోతి దూరి డబ్బా ఎత్తుకుపోయింది. అవ్వ కెవ్వున అరిచి, మంచం పక్కనే ఉన్న వాకర్ అందుకుని, టకటకమంటూ వరండాలోకి దాని వెంటపడింది. వార్డంతా నోరు తెరుచుకుని చూసింది.

ఎదురొచ్చిన ఫిజియోథెరపీ సారుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. “అవ్వా, నడుస్తున్నవ్!” అన్నాడు.

అవ్వకు ఒళ్లు మండింది.

“రెండు కాళ్లు మంచిగున్నయ్ గదా సారూ, గట్ల నిలబడి చూస్తరేంది? ఉరుకుండ్రి! నా గారెలు పోతున్నయ్!”